నాచు నాటే ముందు చేప సంగతి చూడాలి

ఒడిశాలోని కోరాపుట్, రాయగడ జిల్లాల సంతల్లో ఎండుచేపల వరస లేని వారం ఉండదు. నెత్తళ్ళు, సావిడాయిలు, కవళ్ళు, ఎండు రొయ్యపప్పు గోనెపట్టాల మీద గుట్టలుగా పోసి ఉంటాయి. లమ్తపుట్ చుట్టుపక్కల గదబ, పరజ పల్లెల్లో మాండియా (రాగి) జావ గిన్నె పక్కన చిటికెడు ఎండుచేప ఉంటే ఆ పూట గడిచిపోతుంది. సముద్రం మొహం చూడని కుటుంబాలకు కూడా దొరికే కాస్త మాంసకృత్తుల్లో సముద్రం వాటా ఉంది. ఖరీదైన చేప ఐసు పెట్టెల్లో నగరాలకూ విదేశాలకూ పోతుంది. కొండెక్కేది చవక చేపే. తీరంలో వల తేలికైతే ముందు ధర పెరిగేదీ, ముందు సంతకు రావడం మానేసేదీ ఆ చవక చేపే. అందుకే తీరంలో నీటి అడుగున ఏం పెరుగుతోందన్నది మత్స్యకారుల పల్లెలతో తెగిపోయే వ్యవహారం కాదు.

ఇప్పుడు ఆ నీటి అడుగున ఏం పెంచాలో ప్రభుత్వాలే నిర్ణయిస్తున్నాయి. 2020లో మొదలైన ప్రధానమంత్రి మత్స్య సంపద యోజనలో సముద్రపు నాచు సాగుకు 640 కోట్ల రూపాయలు కేటాయించారు. 2025 నాటికి ఏటా 11.2 లక్షల టన్నుల దిగుబడి సాధించాలని లక్ష్యం పెట్టుకున్నారు. ఆ లక్ష్యం చాలా దూరంలోనే ఉండిపోయింది గానీ, దాన్ని అందుకోవాలన్న తొందర తగ్గలేదు. ఈ సాగులో ఎక్కువగా వాడుకలో ఉన్న రకం కప్పాఫైకస్ అల్వరెజీ అనే ఎర్రనాచు. ఐస్‌క్రీములు, టూత్‌పేస్టులు, మందులు చిక్కబడటానికి వాడే క్యారజీనన్ దీన్నుంచి వస్తుంది. 45 రోజులకే కోతకు వస్తుంది, పెట్టుబడి తక్కువ, మహిళా సంఘాలకు అనువైన పని. ఇవన్నీ నిజాలే. ఇది మన సముద్రంలో పుట్టిన మొక్క కాదన్నదీ, పెట్టిన చోట ఉండిపోయే మొక్క కాదన్నదీ కూడా అంతే నిజం. పథకం గురించి మాట్లాడేటప్పుడు మొదటి సంగతులతో పాటు ఈ రెండూ చెప్పాలి.

నాచు అంటేనే చేపకు చెరుపు అనుకోవడం పొరపాటు. విశాఖ, భీమిలి రాళ్ళ మీద సహజంగా పెరిగే పచ్చనాచు, గోధుమనాచు, ఎర్రనాచు పొదల్లోనే ఎన్నో చేపపిల్లలూ పీతపిల్లలూ తలదాచుకుంటాయి. వాటి మీద పెరిగే సన్నజీవులే ఆ పిల్లలకు మేత. తినే చేప ఉంది, గీకే నత్త ఉంది, కొట్టుకుపోయే రుతువు ఉంది. అందువల్ల ఏ ఒక్క రకమూ మొత్తం రాతిని ఆక్రమించదు. బయటి నుంచి వచ్చిన మొక్క సంగతి వేరు. దాన్ని అదుపులో పెట్టే జీవులు దాని వెంట రావు. అనువు కుదిరితే ఎండ తగిలే మేరంతా ఒకే దుప్పటిలా కప్పేస్తుంది. ఆ దుప్పటి కింద పగడం ఊపిరాడక చస్తుంది, సముద్రపు గడ్డి వెలుతురు లేక పలచబడుతుంది, బొరియలు మూసుకుపోతాయి. చేపల్లో ఒక్కో జాతి ఒక్కో చోటును నమ్ముకుని బతుకుతుంది. పగడపు పురుగును కొరికే చేప, రాతి సందులో గుడ్లు పెట్టే చేప, బురద కెలికి పురుగు ఏరుకునే చేప ముందుగా వెళ్ళిపోతాయి. ఎక్కడైనా ఏదైనా తిని బతికే నాలుగైదు జాతులు మిగులుతాయి. కాటా మీద బరువు ఒకటి రెండేళ్ళు తగ్గకపోవచ్చు కూడా. బుట్టలో రకాలు తగ్గిపోవడమే అసలు నష్టం. రకాలు ఉన్నన్నాళ్ళే ఒకటి దొరక్కపోతే మరొకటి మత్స్యకారుడి ఇంటిని ఆదుకుంటుంది.

మన దేశంలో ఈ కథ తమిళనాడు తీరంలో ఇప్పటికే జరిగింది. భావనగర్‌లోని కేంద్ర ఉప్పు, సముద్ర రసాయనాల పరిశోధన సంస్థ 1984లో ఫిలిప్పీన్స్ జాతి కప్పాఫైకస్‌ను జపాన్ నుంచి తెప్పించింది. గుజరాత్ తీరంలో ప్రయోగాలు చేసి, 1990ల నడుమ రామనాథపురం జిల్లా మండపానికి తెచ్చింది. 2000లో ఆ పరిజ్ఞానం పెప్సీకో చేతికి వెళ్ళి వాణిజ్య సాగు మొదలైంది. పన్నెండడుగుల చదరపు వెదురు తెప్ప, దానికి అడ్డంగా తాళ్ళు, తాళ్ళకు వరసగా కట్టిన నాచు ముక్కలు. చూడటానికి ఇంతకన్నా అమాయకమైన సాగు ఉండదు. అయితే ఈ మొక్కకు విత్తనం అక్కర్లేదు. అలకు విరిగిన వేలెడు ముక్క ఎక్కడ చిక్కుకుంటే అక్కడ మొక్కవుతుంది.

దగ్గరలోనే మన్నార్ సింధుశాఖ సముద్ర జాతీయ పార్కు ఉంది. 1986లో ఏర్పడిన ఈ పార్కు కింద 21 దీవులు, వాటి చుట్టూ పగడపు దిబ్బలు ఉన్నాయి. 2005లోనే తమిళనాడు ప్రభుత్వం సాగును కొన్ని తీరాలకు పరిమితం చేసింది. అయినా 2008లో ‘కరెంట్ సైన్స్’ పత్రికలో మదురై పరిశోధకుల వ్యాసం వచ్చేసరికి కురుసడై దీవి దగ్గర కొమ్మల పగడాల మీద ఈ నాచు పాకిపోయి ఉంది. మందమైన కొమ్మలు పగడపు కొమ్మల చుట్టూ అల్లుకుని, వాటి ఆకారానికి తామే అచ్చయి కూర్చున్నాయని, కింద పగడం చచ్చిపోయిందని ఆ పరిశీలన సారాంశం. ఆ తర్వాత పక్క దీవుల దగ్గరా కనబడింది. అటవీశాఖ మనుషుల్ని నీళ్ళలోకి దించి చేతులతో పీకించింది. పీకేటప్పుడు రాలిన తునకలు మళ్ళీ మొలిచాయి. నాచు అమ్మిన సొమ్ము ఒకరి ఖాతాలో పడింది, దాన్ని పీకించే ఖర్చు ప్రజల ఖాతాలో పడింది. పగడం చుట్టూ తిరిగే చేపల మీద ఆధారపడిన నాటుపడవల వాళ్ళ నష్టం ఏ ఖాతాలోనూ పడలేదు.

ఇదేదో అనుకోకుండా జరిగిన ప్రమాదం కాదు. కురుసడై కంటే ముందే హవాయి దీవుల్లో దీనికి ఉదాహరణ ఉంది. 1974లో కనియోహే అఖాతంలోకి ఈ జాతి నాచునే తెచ్చి పెంచారు. లోతైన నీళ్ళు దాటి పోలేదని మొదట్లో నమ్మారు. 1996 నాటికి అది తెచ్చిపెట్టిన చోటి నుంచి ఆరు కిలోమీటర్లు పాకింది. తర్వాత ‘సూపర్ సక్కర్’ అనే పంపుల పడవతో నాచును పీల్చి తీసి, దాన్ని మేసే సముద్రపు ముళ్ళకాయల్ని పెంచి పగడాల మీద వదలాల్సి వచ్చింది. అంత చేసినా అది ఏళ్ళ తరబడి సాగే పని.

చేపల మీద ప్రభావాన్ని బాగా కొలిచిన చోటు మధ్యధరా సముద్రం. అక్కడ కాలెర్పా టాక్సిఫోలియా అనే పచ్చనాచు 1984లో మొనాకో సముద్ర మ్యూజియం గోడల కింద ఒక్క చదరపు మీటరు మేర కనిపించింది. అక్వేరియం అలంకరణకు పెంచిన రకం అది. పదిహేనేళ్ళు తిరిగేసరికి వేల హెక్టార్లకు విస్తరించింది. దాని ఒంట్లో విషగుణం ఉన్న రసం ఉండటంతో మేసే చేపలు దగ్గరికి పోవు. స్థానిక సముద్రపు గడ్డి మైదానాల్లో కంటే ఈ నాచు పరుచుకున్న చోట చేపల జాతులూ సంఖ్యా బరువూ తక్కువని అక్కడి పరిశోధకులు తేల్చారు. మీసాలతో బురద తడిమి పురుగులేరుకునే రెడ్ ములెట్ చేపకు ఆ నాచు అల్లిక అడ్డుపడి మేత కరువైంది. అది మన తీరంలోని గులివిందలకు దగ్గరి చుట్టం. ఇదే నాచు 2000లో కాలిఫోర్నియాలోని ఒక ఉప్పుటేటిలో కనబడితే వెంటనే టార్పాలిన్లు కప్పి, కింద క్లోరిన్ వదిలి చంపారు. 2006కి పూర్తిగా పోయిందని ప్రకటించారు. అందుకు 70 లక్షల డాలర్లు ఖర్చయింది. తొలిరోజుల్లోనే పట్టుకున్నారు గనుక ఆ మాత్రంతో సరిపోయింది. 2015లో జిబ్రాల్టర్ జలసంధిలో కనిపించిన రుగులోప్టెరిక్స్ అనే ఆసియా గోధుమనాచు విషయంలో అలా పట్టుకోలేకపోయారు. స్పెయిన్ దక్షిణ తీరంలో మత్స్యకారుల వలల్లో చేపకు బదులు టన్నుల కొద్దీ ఆ నాచే వస్తోంది.

ఇక మన పక్కనున్న చిలికా సరస్సును చూద్దాం. ఒడిశాలో తెలుగు మాట్లాడే మత్స్యకారుల్ని నోలియాలంటారు. వాడబలిజ, జాలరి కుటుంబాలు గంజాం నుంచి పూరీ పెంటకోట దాకా తరాలుగా ఉన్నాయి. చిలికా ముఖద్వారం వైపు వేట చేసే వాళ్ళలో వీళ్ళూ ఉన్నారు. ఈ సరస్సు బతికేదే ఉప్పునీరూ మంచినీరూ కలవడం మీద. మహానది పాయలు ఉత్తరం నుంచి మంచినీటితో పాటు ఒండ్రు తెచ్చిపోస్తాయి. సముద్రంలోకి దారి ఏటేటా పూడుకుపోయి, దూరంగా జరిగిపోయింది. ఉప్పదనం తగ్గింది. మంచినీటి కలుపు మొక్కలు, గుర్రపుడెక్క, రెల్లు వందల చదరపు కిలోమీటర్లు ఆక్రమించాయి. పడవ నడవదు, వల పారదు, సముద్రం నుంచి పైకి రావాల్సిన రొయ్యపిల్లకూ కొయ్యింగ పిల్లకూ దారి లేదు. రొయ్యల కోసం కట్టిన ఘేరీలు దీనికి తోడయ్యాయి. 1980ల నడుమ 8 వేల టన్నులకు పైగా ఉన్న చేపల రాబడి 1995-96లో 1,270 టన్నులకు పడిపోయింది. 1981లో అంతర్జాతీయ చిత్తడి నేలల రామ్సార్ జాబితాకెక్కిన సరస్సు 1993లో ప్రమాదంలో ఉన్న చిత్తడి నేలల మాంట్రూ జాబితాలో చేరింది.

చిలికా అభివృద్ధి సంస్థ చేసిన పని కలుపు కోయించడంతో ఆగలేదు. సాతపడ దగ్గర సిపకుదా వద్ద ఇసుక దిబ్బ తవ్వి 2000 సెప్టెంబరు 23న కొత్త ముఖద్వారం తెరిచింది. సముద్రానికి దారి 18 కిలోమీటర్లు దగ్గరైంది. పోటు నీరు లోపలికి వచ్చింది, ఉప్పు పెరిగింది, మంచినీటి కలుపు వెనక్కి తగ్గింది, సముద్రపు గడ్డి మళ్ళీ పరుచుకుంది. 2001-02లో రాబడి 12 వేల టన్నుల దగ్గరికి వచ్చింది. పండుగప్ప, కొయ్యింగ, టైగర్ రొయ్య, మండపీత తిరిగి బుట్టల్లోకి వచ్చాయి. 2002లో మాంట్రూ జాబితా నుంచి సరస్సు పేరు తీసేశారు. చిలికా కష్టాలన్నీ తీరాయని కాదు. ఉత్తర భాగంలో ఒండ్రు, రెల్లు, ఘేరీల బెడద ఇంకా ఉన్నాయి. కానీ ఒక సంగతి రుజువైంది. నీటి నడక సరిచేస్తే చేప తిరిగి వస్తుంది.

అయితే చిలికా విజయాన్ని చూపించి సముద్రపు నాచు విషయంలో ధీమాగా ఉండటానికి వీల్లేదు. చిలికాను ఆక్రమించినవి మంచినీటి మొక్కలు. ఉప్పు తగలగానే అవి చచ్చాయి. కప్పాఫైకస్ ఉప్పునీటి మొక్క. సముద్రంలోకి వదిలాక దాన్ని చంపడానికి తెరవాల్సిన ముఖద్వారం ఎక్కడా లేదు. సరస్సుకు గట్లున్నాయి, సముద్రానికి లేవు. మంచినీటి కలుపు దగ్గర చికిత్స పనిచేసింది. ఇక్కడ నివారణ తప్ప వేరే మార్గం లేదు.

నివారణలో మన చరిత్ర ఏమంత గొప్పది కాదు. దక్షిణ అమెరికా నుంచి పూలందం చూసి తెచ్చుకున్న గుర్రపుడెక్క కొల్లేరును ఏం చేసిందో తెలుగు పాఠకులకు చెప్పనక్కర్లేదు. నీటి మీద గుర్రపుడెక్క మందంగా పరుచుకుంటే కింద ఎండ పడదు, కుళ్ళిన ఆకు నీటిలోని ప్రాణవాయువును తినేస్తుంది. పైకి వచ్చి గాలి పీల్చుకోగల కొర్రమీను, మార్పు, ఇంగిలాయి కొన్నాళ్ళు నెట్టుకొస్తాయి. మొప్పలతోనే బతికే మిగతా చేప తేలిపోతుంది. 1999లో అభయారణ్యమై, 2002లో రామ్సార్ గుర్తింపు పొందిన సరస్సు ఇది. 2006లో సరస్సులోని చేపల చెరువుల గట్లు కొట్టించినా ఉప్పుటేరు పూడికా, కాలువల మురుగూ ఉన్నన్నాళ్ళు డెక్క తిరిగి వస్తూనే ఉంది. లమ్తపుట్ సమితి అంచున ఉన్న జలాపుట్ జలాశయానికీ ఇదే హెచ్చరిక వర్తిస్తుంది. ఆంధ్ర, ఒడిశాల ఉమ్మడి మాచ్‌ఖండ్ విద్యుత్ కేంద్రం 1955 నుంచి ఆ నీటితోనే నడుస్తోంది. ఆ నీరే సీలేరై, శబరిలో కలిసి గోదావరికి చేరుతుంది. ఎగువ జలాశయంలో ఎవరో వదిలిన పరాయి చేప, ఎవరో పారేసిన అలంకార మొక్క దిగువనున్న రెండు రాష్ట్రాల వలల్లోకి వస్తుంది. ఆ నీటి మీద రెండు ప్రభుత్వాలకూ వాటా ఉంది. కాపలాలో కూడా ఉండాలి.

మన తీరం సంగతి మరీ సున్నితం. మన్నార్ దగ్గర దీవుల చాటు ఉంది. ఉత్తరాంధ్ర, గంజాం తీరాలు నేరుగా బంగాళాఖాతానికి ఎదురొడ్డి ఉన్నాయి. 2013లో ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గర, 2014లో హుద్‌హుద్ విశాఖ దగ్గర, 2018లో తిత్లీ పలాస దగ్గర తీరం దాటాయి. మూడూ అక్టోబరు రెండో వారంలోనే వచ్చాయి. లంగరు వేసిన మరపడవల్నే ఒడ్డుకు విసిరికొట్టే గాలి వెదురు తెప్పల్ని మిగల్చదు. తెప్ప పోతే రైతుకు నష్టం, బీమా ఉంటే పరిహారం. దాని మీదున్న వేల నాచు ముక్కలు ఎక్కడ దిగుతాయో ఎవరూ చెప్పలేరు. భీమిలి, పూడిమడక రాళ్ళ సందుల్లో దిగితే ఏమవుతుందన్న ప్రశ్నకు జవాబు దొరికేదాకా ఆగడమే వివేకం.

ఇంకో చిక్కు కూడా ఉంది. తెప్పలు కట్టేది కాస్త ఒదుగున్న, లోతు తక్కువ నీళ్ళలో. అలివి వల లాగేదీ, చిన్న తెప్పల వాళ్ళు వల వేసేదీ అక్కడే. అలివి వల తీయడం చూసిన వాళ్ళకు తెలుసు. ముప్పై నలభై మంది రెండు వైపులా తాడు పట్టుకుని గంటల తరబడి లాగుతారు. ఒడ్డుకు వచ్చిన సంచిలో పడ్డదాన్ని అప్పటికప్పుడు వాటాలు వేసుకుంటారు. ఆ సంచిలో సగం నాచు ముద్దే వస్తే బరువు రెట్టింపు, వాటా సగం. వల చిరిగితే బాగుచేసుకునే రోజు కూలీ కూడా పోతుంది. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మరపడవలకు వేట నిషేధం ఉంటుంది. మిగిలిన పది నెలల్లో వచ్చే ప్రతి నష్టమూ ఈ కుటుంబాలకు లెక్కే.

సాగును సమర్థించే వాళ్ళ వాదననూ పక్కన పెట్టకూడదు. రామనాథపురం తీరంలో వేలమంది స్త్రీలకు నాచు సేకరణ, సాగు చేతికి డబ్బు తెచ్చాయి. ఎరువు, మందు, మంచినీరు అక్కర్లేని పంట ఇది. వేట తగ్గుతున్న రోజుల్లో తీరప్రాంత స్త్రీకి సొంత ఆదాయం చిన్న విషయం కాదు. నిజమే. ఆ ఆదాయం కోసం పరాయి జాతినే నమ్ముకోవాలా అన్నదే నా ప్రశ్న. అగర్ ఇచ్చే గ్రాసిలేరియా జాతులు మన తీరంలో సహజంగానే ఉన్నాయి. చిలికాలో కూడా పెరుగుతాయి. వాటి ధర, ఎదుగుదల కప్పాఫైకస్ అంత ఆకర్షణీయంగా లేకపోవచ్చు. పరిశోధన డబ్బు వాటి మీద పెడితే ఆ తేడా తగ్గుతుంది. ఆ డబ్బు పెట్టకుండా, తేలిక దారి ఒక్కటే ఉందని స్త్రీల పేరు చెప్పడం వాళ్ళకు చేసే మేలు కాదు. రేపు పగడం, రాతి చేప పోతే బుట్ట నెత్తిన పెట్టుకుని ఊరూరా తిరిగి చేపలమ్మే పనిని పోగొట్టుకునేదీ స్త్రీలే.

చేయాల్సినవి కష్టమైన పనులేమీ కావు. 2024 అక్టోబరులో కేంద్ర మత్స్యశాఖ సజీవ నాచు దిగుమతికి మార్గదర్శకాలు విడుదల చేసింది. విత్తనాన్ని క్వారంటైన్‌లో ఉంచాలని అందులో ఉంది. మంచిదే. కానీ దేశంలో నలభై ఏళ్ళుగా ఉన్న కప్పాఫైకస్ ఒక రాష్ట్రం నుంచి ఇంకో రాష్ట్రానికి పోవడానికి కూడా అంతటి కట్టుదిట్టం కావాలి. ఆంధ్రకు తమిళనాడు తీరం నుంచి వచ్చే ముక్క కూడా పరాయిదే. పగడం, సముద్రపు గడ్డి, రాతి దిబ్బలు ఉన్న చోట్లనూ, చిలికా, పులికాట్ వంటి ఉప్పునీటి సరస్సులనూ ఈ జాతికి పూర్తిగా నిషేధించాలి. అనుమతి ఇచ్చే చోట తుపాను నెలలకు ముందే తెప్పలు ఒడ్డుకు చేర్చాలన్న షరతు ఉండాలి. అనుమతి పొందిన సంస్థ నుంచి శుభ్రం చేయించే ఖర్చుకు ముందే డిపాజిట్ తీసుకోవాలి. కురుసడైలో ఆ డిపాజిట్ లేకపోవడం వల్లే భారం ప్రజల మీద పడింది.

అన్నిటికన్నా ముందు, సాగు పెట్టబోయే ప్రతి చోటా ఇప్పుడు ఏ చేపలున్నాయో లెక్క తీయాలి. ఆ లెక్క లేకపోతే రేపు ఏం పోయిందో రుజువు చేయలేం. ఈ పనికి మన తీరంలో పాత పునాది ఉంది. పాట్రిక్ రస్సెల్ విశాఖపట్నంలో సేకరించిన రెండు వందల చేపల బొమ్మలతో 1803లో ఒక గ్రంథం అచ్చయింది. గులివిందలతో సహా అనేక చేపలకు ఇక్కడి జాలర్లు పిలిచే తెలుగు పేర్లే అందులో రాశారు. రెండు శతాబ్దాల కిందట ఒక పరదేశి వైద్యుడు మత్స్యకారుల జ్ఞానాన్ని శాస్త్రంగా గౌరవించాడు. ఇవాళ విశాఖలోని కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ ప్రాంతీయ కేంద్రం, ఆంధ్ర విశ్వవిద్యాలయం, చిలికా అభివృద్ధి సంస్థ కలిసి ఆ పని చేయలేవా? పల్లె పల్లెన నలుగురు అనుభవజ్ఞుల్ని, చేపలమ్మే స్త్రీలను కూర్చోబెట్టి, నెలనెలా వలలో పడ్డ రకాలను రాయిస్తే చాలు. కొత్త నాచు వలకు తగిలితే మొదట చూసేది వాళ్ళే. వాళ్ళు కబురు పెట్టగానే కదిలే అధికారి ఒకరుండాలి. ఫోన్ నంబరు ఒకటుండాలి. కాలిఫోర్నియాకూ మధ్యధరాకూ మధ్య తేడా మొదట్లోనే త్వరపడటమే.

2022 డిసెంబరులో కుదిరిన కున్మింగ్-మాంట్రియల్ ఒప్పందంలో పరాయి ఆక్రమణ జాతుల రాకనూ స్థిరపడటాన్నీ 2030 నాటికి కనీసం సగానికి తగ్గిస్తామని భారతదేశం కూడా మాటిచ్చింది. ఆ మాట పర్యావరణ శాఖ దస్త్రంలోనూ, నాచు దిగుబడి లక్ష్యం మత్స్యశాఖ దస్త్రంలోనూ విడివిడిగా నడవడం ఇక చెల్లదు. రెండూ ఒకే సముద్రం గురించినవి. ఆంధ్ర, ఒడిశా ప్రభుత్వాలు తమ తీరాల్లో కప్పాఫైకస్ అనుమతులను ఈ చేపల లెక్క పూర్తయ్యేదాకా నిలిపివేయాలి. లెక్క తేలాక, మత్స్యకార గ్రామసభ ఒప్పుకున్న చోట మాత్రమే ఏ నాచైనా నీళ్ళలోకి దిగాలి.